తక్కువ కూలి ఎవరి అనుకూలత?

ప్రపంచ వాణిజ్య సంస్థ మంత్రుల మొదటి సమావేశం 1996 డిసెంబరులో సింగపూరులో జరిగింది. దాని డిక్లరేషన్‌లో నాలుగో పేరా కార్మికుల గురించి. కార్మిక ప్రమాణాలు చూసుకోవలసింది అంతర్జాతీయ కార్మిక సంస్థేననీ, ఆ పేరు చెప్పి ఎవరూ తమ మార్కెట్లకు తలుపులు వేసుకోరాదనీ, తక్కువ వేతనాలున్న దేశాలకు వ్యాపారంలో ఉన్న అనుకూలతను ప్రశ్నించరాదనీ అందులో రాశారు. దీనికోసం పట్టుబట్టిన దేశాల్లో మనదీ ఒకటి. అనుకూలత అంటే ఏమిటి? కూలి తక్కువ. ఎవరి కూలి తక్కువ? ఆ ప్రశ్న సింగపూరులో రాలేదు, ఢిల్లీలోనూ రాలేదు.

కొంచెం వెనక్కి పోదాం. 1994 ఏప్రిల్ 15న మరకేష్‌లో గాట్ ఒప్పందం మీద వాణిజ్యమంత్రి ప్రణబ్ ముఖర్జీ సంతకం చేశారు. అమెరికా, ఫ్రాన్సు అప్పుడే సోషల్ క్లాజ్‌ను ముందుకు తెచ్చాయి. కార్మిక హక్కులు పాటించని దేశపు సరుకుల మీద ఆంక్షలు పెట్టొచ్చనే షరతు అది. డంకెల్ ముసాయిదా మీద మన పార్లమెంటులో అప్పటికే పెద్ద పోరు నడిచింది. ఐ.కె. గుజ్రాల్ అధ్యక్షతన స్థాయీ సంఘం 1993లో నివేదిక ఇచ్చింది. విత్తనాలు, మందుల పేటెంట్లు, సబ్సిడీల మీద వామపక్షాలు ఒకవైపు, బీజేపీ ఇంకోవైపు ప్రభుత్వాన్ని నిలదీశాయి. 1995లో పేటెంట్ల సవరణ బిల్లు లోక్‌సభ దాటినా రాజ్యసభలో చిక్కుకుని, 1996లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. అంత పట్టు పట్టగలిగిన సభ అది. సోషల్ క్లాజ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అధికారపక్షం, ప్రతిపక్షం, ఎర్రజెండా యూనియన్లు, కాషాయ యూనియన్లు దాదాపు అందరిదీ ఒకటే మాట: వద్దు, వేతనాలు మా ఇంటి వ్యవహారం.

వద్దనడానికి కారణాలు లేకపోలేదు. అమెరికా మన కూలీల మీద ప్రేమతో మాట్లాడలేదు, అక్కడి మిల్లులకు పోటీ భయం. పైగా 1998లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రకటించిన మౌలిక హక్కులు నాలుగు: సంఘం పెట్టుకోవడం, వెట్టి రద్దు, బాలకార్మిక వ్యవస్థ రద్దు, పనిలో వివక్ష లేకపోవడం. 2022లో పనిచోట భద్రతను ఐదోదిగా చేర్చారు. కనీస వేతనం వీటిలో ఎక్కడా లేదు. సోషల్ క్లాజ్ వచ్చి ఉంటే మన కూలి పెరిగేదనే వాదన అందుకే నిలవదు. ఎగుమతయ్యే తివాచీకి తగిలే షరతు, ఊళ్ళో నాట్లేసే మనిషికి తగలదు.

సరే, ఇంటి వ్యవహారం ఇంట్లో ఎట్లా నడిచింది? కనీస వేతనాల బిల్లు 1946 ఏప్రిల్ 11న కేంద్ర శాసనసభకు వచ్చింది. అప్పుడు వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్నది డాక్టర్ అంబేద్కర్. 1948లో అది చట్టమయ్యేనాటికి కార్మిక మంత్రి బాబూ జగ్జీవన్ రామ్. ఈ సంగతి కార్మికోద్యమ చరిత్రలు రాసేవాళ్ళు గబగబా దాటేస్తారు. చట్టం షెడ్యూలులో రెండో భాగం మొత్తం వ్యవసాయమే. అంటే ఫ్యాక్టరీ గేటు దాటి చేను గట్టు దాకా రావాలన్న ఉద్దేశం మొదటినుంచీ ఉంది. అయితే గట్టు దగ్గరే ఆగింది. వ్యవసాయంలో రేట్లు నిర్ణయించే గడువును మళ్ళీ మళ్ళీ పొడిగించారు. అయిదేళ్ళకు మించకుండా రేట్లు సవరించాలని చట్టం చెప్పినా అది కాగితం మీది మాటగానే ఉండిపోయిన సందర్భాలే ఎక్కువ.

రేటు ఎంతుండాలో 1957లోనే 15వ భారత కార్మిక సమావేశం చెప్పింది. మనిషికి రోజుకు 2700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు వగైరాలకు 20 శాతం. పిల్లల చదువు, వైద్యం లాంటివాటికి ఇంకో 25 శాతం కలపాలని 1991లో సుప్రీంకోర్టు అన్నది. మా అమ్మ నలభై ఏళ్ళు కూలికి పోయింది. ఈ లెక్క నేను యూనివర్సిటీ లైబ్రరీలో చదివి ఆమెకు చెబితే, "బట్ట గజాల్లో కొలిచి ఇస్తారా?" అని నవ్వింది. ఆమెకు తెలిసిన రేటు ఆసామి నోటినుంచి వచ్చేదే.

కార్యకర్తలు పట్టుకోవలసిన ముడి 1982లో ఉంది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ చాకిరీయే అని చెప్పింది. ఆకలి చేసే బలవంతం కూడా బలవంతమే అన్నది ఆ తీర్పు సారం. కరువు పనులకూ ఇదే వర్తిస్తుందని 1983లో రాజస్థాన్ కేసులో తేల్చింది. అంటే అంతర్జాతీయ జాబితాలో చోటు దొరకని కనీస వేతనం, మన రాజ్యాంగం దారిన వెట్టి రద్దు అనే తలుపులోంచి లోపలికి వచ్చింది. అయినా ప్రభుత్వమే యజమాని అయినచోట ఏమైంది? ఉపాధి హామీలో కేంద్రం 2009లో కూలిని 100 రూపాయల దగ్గర బిగిస్తే, ఆ నోటిఫికేషన్‌ను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిలిపివేయవలసి వచ్చింది.

2019లో వేతనాల కోడ్ వచ్చింది. షెడ్యూలు ఎత్తేసి అన్ని పనులకూ కనీస వేతనం అన్నారు. అది మేలే. కానీ అదే ఏడాది ప్రభుత్వం వేసిన నిపుణుల సంఘం రోజుకు 375 రూపాయలు ఉండాలంటే, జూలైలో కార్మికమంత్రి చెప్పిన జాతీయ కనీస రేటు 178. మధ్యలో 197 రూపాయల తేడా. 1957 నాటి లెక్కను చట్టంలోనే రాయలేదన్న విమర్శ వచ్చినా, ఆగస్టు 2న రాజ్యసభలో అనుకూలంగా 85 ఓట్లు, వ్యతిరేకంగా 8. తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు పేరు కూడా మారింది, ఇప్పుడాయన 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్'. ఎవరికి సౌకర్యం చేస్తాడో విడిగా చెప్పనక్కర్లేదు. కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది.

అదే ఏడాది జూలై 24న బ్రిటన్‌తో కుదిరిన వాణిజ్య ఒప్పందంలో కార్మికుల మీద ఒక అధ్యాయం ఉంది. ముప్పయ్యేళ్ళ కిందట వద్దన్నదే ఇప్పుడు మెత్తటి రూపంలో ఒప్పుకున్నారు. ఇలాంటి ఒప్పందాలకు మన పార్లమెంటు ఆమోదం అక్కర్లేదు, మంత్రివర్గం సరిపోతుంది. అందుకే సభలో కూలి మాట ఎత్తించాలంటే ఒప్పందాల దారి మనకు పనికిరాదు.

చేతిలో ఉన్నది వేరే. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలతో వెట్టి చేయించడం నేరం. దాన్ని 1982 తీర్పుతో కలిపి చదివి, కనీస రేటుకన్నా తక్కువ ఇచ్చిన ఆసామి మీద కేసు ఎందుకు పెట్టకూడదని పోలీసు స్టేషన్లో, కోర్టులో గట్టిగా అడగాలి. రేటు అడిగిన వాడను పనికి పిలవకుండా ఎండబెట్టడం మనకు తెలియనిది కాదు. 1991లో చుండూరులో మారణకాండకు ముందు దళితులకు పనులు బంద్ చేశారు. సాంఘిక, ఆర్థిక బహిష్కరణను ఆ చట్టంలో విడిగా నేరంగా చేర్చింది 2015 సవరణ.