సత్యం తెలిసే అమ్మేశారు!

కంపెనీ ఎలా నడుస్తోందో అందరికన్నా ముందు తెలిసేది ఎవరికి? నడిపేవాళ్లకి. లోపల లెక్కలు బాగాలేవని తెలిసి, ఆ సంగతి బయటికి పొక్కకముందే తమ షేర్లు అమ్ముకుంటే... కొనుక్కున్నవాడి గతేంటి? స్టాక్‌మార్కెట్లో దీన్నే ఇన్‌సైడర్‌ ట్రేడింగ్‌ అంటారు. మామూలుగా ఇలాంటి కేసుల్లో రహస్యం చిన్నదే. ఏదో కంపెనీని కొనబోతున్నారనో, ఈ మూడు నెలల్లో లాభం తగ్గిందనో! నాలుగురోజులాగితే అదీ బయటికి వచ్చేస్తుంది. హైదరాబాద్‌ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌లో మాత్రం రహస్యం ఏళ్లతరబడి దాగింది.

1987లో మొదలైన సంస్థ అది. విదేశీ కంపెనీల సాఫ్ట్‌వేర్‌ పనులు ఇక్కడ కూర్చుని చేసిపెట్టడమే వ్యాపారం. 2001లో న్యూయార్క్‌ స్టాక్‌ ఎక్స్‌ఛేంజీకీ ఎక్కింది. 2008 నాటికి ఉద్యోగులు 50 వేలు దాటారు. ‘అబ్బాయి సత్యంలో చేస్తున్నాడు’ అంటే పెళ్లి సంబంధాల్లో ఆ మాటకో విలువ. కంపెనీ పాలన బాగుందంటూ 2008లో గోల్డెన్‌ పీకాక్‌ అవార్డు కూడా ఇచ్చారు. తర్వాత వెనక్కి తీసుకున్నారనుకోండి!

2009 జనవరి 7న ఛైర్మన్‌ రామలింగరాజు డైరెక్టర్లకు రాసిన ఉత్తరంతో గుట్టు రట్టయింది. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలు. అందులో 5,040 కోట్లు అసలు లేనేలేవు. అంతకుముందు సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలల్లో 649 కోట్ల నిర్వహణ లాభం వచ్చిందని ప్రకటించారు. నిజానికి వచ్చింది 61 కోట్లు! దొంగ బిల్లులు 7,561 దాకా ఉన్నాయని దర్యాప్తులో తేలింది. ముందురోజు 179 రూపాయలున్న షేరు, ఆ సాయంత్రానికి 40కి పడిపోయింది.

అమ్మలేదన్నారు... మరి?

ఆ ఉత్తరంలోనే ఇంకో మాట ఉంది. తానుగానీ, ఎండీగా ఉన్న తమ్ముడు రామరాజుగానీ, వాళ్ల భార్యలుగానీ గత ఎనిమిదేళ్లలో షేర్లు అమ్ముకోలేదన్నారు రాజు. దానధర్మాల కోసం ప్రకటించి అమ్మినవి కొద్దిగా తప్ప! కానీ 2001 మార్చిలో ప్రమోటర్లకు 25.6 శాతం వాటా ఉండేది. 2008 మార్చికి అది 8.74 శాతమైంది. కంపెనీ కొత్త షేర్లు జారీ చేసినప్పుడు పాతవాళ్ల శాతం దానంతటదే కొంత తగ్గుతుంది, నిజమే. తగ్గుదలంతా దానివల్లేనా అన్నదే ప్రశ్న.

అమ్మకుండానే సొమ్ము చేసుకునే దారీ ఉంది. అది తాకట్టు. ప్రమోటర్ల కుటుంబం షేర్లను ఎస్‌ఆర్‌ఎస్‌ఆర్‌ హోల్డింగ్స్‌ అనే సొంత సంస్థకు బదలాయించింది. వాటిని కుదువపెట్టి అప్పులు తెచ్చారు. బంగారం తాకట్టు పెడితే తూకం వేస్తారు, గీటురాయి మీద గీసి చూస్తారు. షేరుకి గీటురాయి కంపెనీ లెక్కలే. ఆ లెక్కలే దొంగవైతే..?

ఆ డబ్బు కంపెనీ నడపడానికే తెచ్చాననీ, తాను ఒక్క రూపాయి కూడా వాడుకోలేదనీ రాజు ఉత్తరంలో చెప్పుకున్నారు. 2008 డిసెంబరు 16న మేటాస్‌ కంపెనీలు రెంటిని 160 కోట్ల డాలర్లకు కొనబోయి, వాటాదారులు మండిపడటంతో గంటల్లోనే వెనక్కి తగ్గారు. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తుల్ని చూపడానికి అదే ఆఖరి ప్రయత్నమట. అది బెడిసికొట్టింది, షేరు ధర జారింది, అప్పులిచ్చినవాళ్లు తమ దగ్గరున్న షేర్లను మార్కెట్లో తెగనమ్మేశారు. ప్రమోటర్ల షేర్లన్నీ తాకట్టులో ఉన్నాయన్న సంగతి అప్పటిదాకా మామూలు మదుపరికి తెలీదు. తాకట్టు వివరాలు బయటపెట్టాల్సిందేనని సెబీ నిబంధన పెట్టింది ఆ తర్వాతే, 2009 జనవరిలో.

ఆడిట్‌ పెద్దాయన కూడా!

2014 జులైలో సెబీ తీర్పు వచ్చింది. లెక్కలు తప్పని తెలిసి చేసిన అమ్మకాలూ తాకట్లూ అన్నీ అక్రమ లాభాలే అంది. రాజు సోదరులతో కలిపి అయిదుగురిని 14 ఏళ్లు మార్కెట్‌కి దూరంగా ఉండమంది. 1,849 కోట్లు, దానిమీద 12 శాతం వడ్డీ కట్టమంది. మిగతా ముగ్గురూ అధికారులు. వాళ్లలో ఒకరు అంతర్గత ఆడిట్‌ విభాగానికి అధిపతి! తప్పులు పట్టుకోవడానికి జీతం తీసుకున్న మనిషి అన్నమాట. ఆయన వంతు అయిదు కోట్ల పైచిలుకు.

క్రిమినల్‌ కేసు వేరు. అందులో 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్‌ ప్రత్యేక కోర్టు రాజుకి ఏడేళ్ల జైలుశిక్ష వేసింది. అప్పీలు చేసుకోగా మే నెలలో పైకోర్టు శిక్ష నిలిపి బెయిలిచ్చింది.

సెబీ చెప్పిన సొమ్ము మాత్రం ఏటికేడు తరుగుతూ వచ్చింది. లాభాన్ని ఎలా లెక్కగట్టాలన్న వాదన అప్పిలేట్‌ ట్రిబ్యునల్‌కి వెళ్లడం, మళ్లీ లెక్కించండంటూ తిరిగి రావడం... 2018లో అది 813 కోట్లయింది. 2023 నవంబరు నాటికి 624 కోట్లు. వడ్డీ మాత్రం 2009 జనవరి 7 నుంచే.

అమెరికాలో షేర్లు కొన్నవాళ్లు మూకుమ్మడిగా దావా వేశారు. 2011లో సత్యం నుంచి 12.5 కోట్ల డాలర్లకు, ఆడిటర్ల నుంచి మరో 2.55 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకున్నారు. వాటాదారులంతా కలిసి అలా దావా వేసే వీలు మన కంపెనీల చట్టంలో అప్పటికి లేదు. 2013 చట్టంలో చేర్చారు. అదే ఏడాది సత్యం, టెక్‌ మహీంద్రాలో కలిసిపోయింది. అన్నాళ్లూ అమ్ముకోకుండా అట్టేపెట్టుకున్నవాళ్లకి 17 సత్యం షేర్లకు 2 టెక్‌ మహీంద్రా షేర్లు చేతికొచ్చాయి.