అయిదు చుక్కల ఖరీదు

వైద్య పరిశోధనల గురించి పత్రికల్లో చదివేవారికి ఈ మధ్య ఒక మాట తరచు తగులుతున్నది. ‘ట్రాన్స్‌లేషనల్ రిసెర్చి’ అని. తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి గనక ఆ మాట దగ్గర నేను కాసేపు ఆగాను. ట్రాన్స్‌లేషన్ అంటే మన లెక్కన అనువాదం, తర్జుమా. ప్రయోగశాలకూ తర్జుమాకూ ఏమిటి సంబంధం?

ఆలోచిస్తే పోలిక బాగానే కుదిరింది. సూక్ష్మదర్శినిలో కనిపించే సత్యానిది ఒక భాష. రోగి మంచం దగ్గర పనికివచ్చే మందుది మరొక భాష. మొదటిది వచ్చినవాడికల్లా రెండోది రాదు. రెంటి మధ్యా కూర్చుని ఓపికగా తర్జుమా చేసేవాడొకడు కావాలి. అతనికి ఎవరో ఒకరు జీతం ఇవ్వాలి. పుస్తకాలు అనువదించేవాడికి మన దేశంలో ఏపాటి గిట్టుతుందో ఎరిగినవారికి ఈ రెండోరకం అనువాదకుడి పాట్లు వేరే చెప్పనక్కరలేదు.

కొత్త సంగతి కనిపెట్టేదాకా ప్రభుత్వమో, విశ్వవిద్యాలయమో ఎంతో కొంత ఇస్తాయి. మందు తయారై, లాభం కళ్లకు కట్టినప్పుడు కంపెనీలు వాటంతట అవే వస్తాయి. చిక్కంతా మధ్య కాలంలో ఉన్నది. జంతువుల మీద పరీక్షలు, తరవాత కొద్దిమంది మనుషుల మీద, తరవాత వందలమంది మీద, చివరికి వేలమంది మీద పరీక్షలు. ఏళ్లు పడతాయి, కోట్లు పడతాయి, ఆఖరుకు మందు పనిచేయదని తేలినా తేలవచ్చు. ఈ మధ్య భాగానికి విదేశాల్లో ‘మృత్యులోయ’ అని పేరు పెట్టారు. ఎన్నో మంచి ఆలోచనలు అక్కడే చచ్చిపోతాయిట.

మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి కథనే తీసుకోండి. భీమవరంలో 1895లో పుట్టిన మనిషి. అన్నదమ్ములిద్దరు స్ప్రూ వ్యాధితో కొద్ది రోజుల తేడాలో పోయారు. అమెరికా వెళ్లి చదవడానికి చేతిలో డబ్బు లేదు. మామగారు కొంత సర్దారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ కొంత సాయం చేసింది. హార్వర్డులో గొప్ప పనులు చేసినా అక్కడ ఆయనకు స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. అక్కడ డబ్బుకు కొదవ లేదు. ఆ ఎనిమిదేళ్లలో ఆయన నడిపించిన ప్రయోగశాలల్లోనుంచి వచ్చిన మందుల్లో ఒకటి బోదకాలుకు ఇచ్చే డైఇథైల్ కార్బమజైన్. ఏటా ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించే బోదకాలు మాత్రల్లో ఉండేది అదే.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. బోదకాలు గోదావరి, కృష్ణా డెల్టాలలో తాతల కాలంనుంచీ ఉన్నదే. కాని ఆ మందు కోసం అమెరికాలో గట్టిగా వెతకడం మొదలైంది రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికులకు ఆ జబ్బు తగులుకున్నాక. మందు 1947లో లోకానికి తెలిసింది. భీమవరం రైతు కాలు వాచినన్నాళ్లూ విప్పని మూట, సిపాయి కాలు వాచేసరికి విప్పారు. ఇందులో సుబ్బారావుగారి తప్పు ఏమీ లేదు. డబ్బు ఎవరిదైతే, ఏ జబ్బుకు మందు వెతకాలో నిర్ణయించేది కూడా వారే.

మరి పేదవాడి జబ్బుకు, అందులోనూ ఓటు లేని, జేబు లేని పసివాడి జబ్బుకు మూట విప్పేది ఎవరు? దీనికి మన దేశంలోనే ఒక జవాబు ఉన్నది. నాకు తెలిసినంతలో ఇంత ఓపికగా చేసిన తర్జుమా మరొకటి లేదు.

రోటావైరస్ అనే క్రిమిని 1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ అనే శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు కనిపెట్టారు. చక్రంలాగా ఉంటుంది గనక ఆ పేరు. ఇది పసిపిల్లలకు వాంతులు, నీళ్ల విరేచనాలు తెస్తుంది. ఇంటిలో పెద్దవాళ్లు ‘పళ్లు వస్తున్నాయిలే’ అనుకుని ఊరుకునే లోపలే బిడ్డ ఒంట్లో నీరంతా పోతుంది. టీకా రాకముందు మన దేశంలో దీనివల్ల ఏడాదికి సుమారు 78,000 మంది అయిదేళ్లలోపు పిల్లలు పోయేవారని ఒక అంచనా. ఆస్పత్రిలో చేరవలసివచ్చినవారు ఎనిమిది లక్షల పైచిలుకు.

1985-86లో ఢిల్లీ ఆలిండియా వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ మహరాజ్ కిషన్ భాన్ అనే పిల్లల వైద్యుడు ఒక విచిత్రం గమనించారు. అప్పుడే పుట్టిన పిల్లలుండే వార్డులో చాలామందికి రోటావైరస్ సోకింది, కాని ఎవరికీ జబ్బు చేయలేదు. ఆ వైరస్ ఎటువంటిదో చూడగా, మనుషుల వైరస్‌లో ఆవుల వైరస్ తాలూకు జన్యువొకటి కలిసి, తనంతట తానే మెత్తబడిపోయినది అని తేలింది. దానికి 116ఇ అని పేరు. ఆ పిల్లల్ని ఇళ్లకు పంపి అక్కడితో వదిలేయలేదు. పెరుగుతున్నకొద్దీ వెంటబడి చూస్తే, మిగతా పిల్లలకంటె వీళ్లకు ఆ జబ్బు తక్కువగా వచ్చింది. టీకాను ప్రకృతే తయారుచేసి పెట్టిందన్నమాట. సీసాలోకి ఎక్కించడమే తరువాయి.

ఆ తరువాయికి ముప్ఫై ఏళ్లు పట్టింది.

1987లో భారత, అమెరికా ప్రభుత్వాలు టీకాల మీద కలిసి పనిచేయాలని ఒప్పందం చేసుకున్నాయి. ఆ పద్దు కింద ఢిల్లీ వైద్యులకు స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయం వారు, అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థల వారు తోడు వచ్చారు. బెంగుళూరులో దొరికిన ఐ321 అనే మరో వైరస్‌ను కూడా పోటీలోకి దించారు. చివరికి ఢిల్లీ వైరసే నెగ్గింది. కాని టీకాగా ఎవరు తయారుచేస్తారు? పెద్ద విదేశీ కంపెనీలకు తమ సొంత టీకాలు ఉన్నాయి. 1990ల చివర హైదరాబాదు శివారులో, అప్పటికి పుట్టి రెండు మూడేళ్లు కాని భారత్ బయోటెక్ ఈ పని నెత్తికెత్తుకున్నది.

సరిగ్గా అప్పుడే ఒక ఉపద్రవం వచ్చింది. 1998లో అమెరికాలో అనుమతి పొందిన మొట్టమొదటి రోటావైరస్ టీకా వల్ల కొద్దిమంది పిల్లల్లో పేగు పేగులోకి చొచ్చుకుపోయి మూసుకుపోతున్నదని తెలిసి, 1999లో దాన్ని బజారునుంచి వెనక్కు తీసుకున్నారు. దాంతో తరవాత వచ్చే టీకాలన్నిటినీ మరింత జాగ్రత్తగా, మరింతమంది పిల్లల మీద పరీక్షించి చూడవలసివచ్చింది. అలా చూడడం న్యాయమే. ఖర్చు మాత్రం మిన్ను ముట్టింది. రెండేళ్ల కంపెనీ ఒక్కటీ మోయగల బరువు కాదది.

ఆ బరువు మోసినవాళ్ల జాబితా చూస్తే నవ్వూ వస్తుంది, ఆశ్చర్యమూ కలుగుతుంది. మన కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ, గేట్స్ ఫౌండేషను, దాని సొమ్ముతో పనిచేసిన పాత్ అనే సంస్థ, నార్వే పరిశోధన మండలి, బ్రిటిష్ ప్రభుత్వం, ఆపైన కంపెనీ సొంత పెట్టుబడి. మన ఢిల్లీ సందులో పుట్టిన బిడ్డకోసం, ఆ బిడ్డ పేరైనా ఎరగని నార్వే జాలరి కట్టిన పన్నులోనుంచి నాలుగు రాళ్లు వచ్చాయి. పెళ్లికి ఊళ్లో తలా ఒక చెయ్యి వేసినట్టుగా ఈ కార్యం జరిగింది.

2011 మార్చిలో ఆఖరి పరీక్ష మొదలైంది. ఢిల్లీ, పుణే, వెల్లూరు మూడు చోట్లా కలిపి 6,799 మంది పసిపిల్లలు. ఆరో వారం, పదో వారం, పధ్నాలుగో వారం మూడుసార్లు నోట్లో చుక్కలు. వాళ్లలో 4,532 మందికి అసలు టీకా, 2,267 మందికి పైకి అలాగే ఉండే ఉత్త ద్రవం. ఎవరికి ఏది ఇచ్చారో తల్లికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. పనివాళ్లు వారం వారం ప్రతి బిడ్డనూ కనుక్కుంటూ ఉండేవారు. విదేశీ టీకాలు అప్పటికే ఉండగా కొందరు పిల్లలకు ఉత్త ద్రవం ఇవ్వడం ధర్మమా అని అడిగినవారు ఉన్నారు. వెల్లూరు పిల్లల వివరాలు విడిగా బయటపెట్టాలని కోర్టుకెక్కినవారూ ఉన్నారు. అడగవలసిన ప్రశ్నలే అవి. పేదల బిడ్డల మీద పరీక్ష జరిగినచోట ప్రశ్నలు ఎక్కువైతే వచ్చే నష్టం లేదు.

2013 మేలో ఫలితం చెప్పారు. మొదటి ఏడాదిలో తీవ్రమైన జబ్బును నూటికి 56 పాళ్లు ఆపింది. పరీక్షలో మార్కులుగా చూస్తే రెండో తరగతే. అయితే ధనిక దేశాల్లో తొంభై దాకా తెచ్చుకున్న విదేశీ టీకాలకు కూడా మనవంటి బీద దేశాల్లో దాదాపు ఇవే మార్కులు. ధర మాత్రం డోసు ఒక డాలరు, అంటే అప్పటి మారకంలో సుమారు 55 రూపాయలని కంపెనీ మాట ఇచ్చింది. 2014లో అనుమతి వచ్చింది. 2016లో ప్రభుత్వ టీకాల పట్టికలోకి ఎక్కించినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2019 కల్లా ఈ రకం టీకా దేశమంతటా చేరింది. ప్రభుత్వ ఆస్పత్రిలో బిడ్డ నోట్లో నర్సు ఉచితంగా వేసే రోటావాక్ అయిదు చుక్కల చరిత్ర ఇది.

నాకు మరీ ముచ్చటగా తోచిన సంగతి ఇంకొకటి. ఇన్నేళ్లు వాకిలి వాకిలికీ తిరిగి సొమ్ము కూడబెట్టిన ఆ భాన్‌గారినే 2004లో ప్రభుత్వం బయోటెక్నాలజీ శాఖకు కార్యదర్శిని చేసింది. చేయి చాచినవాడి చేతికే తాళంచెవులు వచ్చాయి. 2012 దాకా ఆయన ఆ పదవిలో ఉన్నారు. చిన్న కంపెనీల పరిశోధనకు సొమ్ము ఇచ్చే పథకం 2005లోను, బ్రిటనులోని వెల్‌కమ్ ట్రస్టుతో కలిసి ఇండియా అలయన్స్ 2008లోను, ఈ తర్జుమా పనికోసమే ఫరీదాబాదులో ఒక పెద్ద సంస్థ 2009లోను, బైరాక్ అనే ప్రభుత్వ సంస్థ 2012లోను, అన్నీ ఆయన హయాంలో ఏర్పడినవే. భాన్‌గారు 2020 జనవరి 26న కన్నుమూశారు. ఆ వాకిళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

మన ఇళ్లల్లో డాక్టరీ చదివిన పిల్లలు, పిహెచ్.డి. చేస్తున్న పిల్లలు చాలామందే ఉన్నారు గనక ఆ వాకిళ్ల సంగతి కొంచెం చెబుతాను. ఇండియా అలయన్స్ కార్యాలయం మన హైదరాబాదులోనే ఉన్నది. వైద్యులకు, శాస్త్రజ్ఞులకు అయిదేళ్లపాటు ఫెలోషిప్పులు ఇస్తుంది. ముందే ఉద్యోగం ఉండి తీరాలని లేదు, చేర్చుకుని చోటు ఇచ్చే సంస్థ ఒకటి ఉంటే చాలు. 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఈ కార్యక్రమపు మూడో దశకు 1,500 కోట్లు ఒప్పుకున్నది. అందులో వెయ్యి మనది, అయిదు వందలు వెల్‌కమ్ ట్రస్టుది. బైరాక్ వారి ‘బిగ్’ పథకం ఇంకా చిన్నవాళ్లకోసం. ఆలోచన ఒక్కటి పెట్టుబడిగా ఉంటే, అది పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి 18 నెలలకు 50 లక్షల దాకా ఇస్తారు. హైదరాబాదు దగ్గర తుర్కపల్లిలోని ఐకెపి నాలెడ్జ్ పార్కు ఈ పథకంలో వారి భాగస్వామి. దరఖాస్తు ఎలా రాయాలో తెలియకపోతే అక్కడ అడగవచ్చు.

2025లోనే పరిశోధనకు లక్ష కోట్ల నిధి అని పెద్ద మాట వచ్చింది. ప్రయోగశాల దశ దాటిన పనులకు, అంటే సరిగ్గా మృత్యులోయలో ఉన్నవాటికి, ఆ డబ్బు ఉద్దేశించారు. సంతోషమే. అయితే అందులో ప్రధానమైనది తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలానికి ఇచ్చే అప్పు. బజారులో అమ్ముడుపోయే మందుకు అప్పు సరిపోతుంది. డాలరుకు డోసు అమ్మవలసిన టీకాకు, బోదకాలు మాత్రకు, పాముకాటు మందుకు అప్పు తీర్చేదెవరు? అటువంటి చోట ఇచ్చి మరిచిపోయే డబ్బే కావాలి. దేశం మొత్తం మీద పరిశోధనకు పెడుతున్నది 2020-21 లెక్కల ప్రకారం జాతీయాదాయంలో నూటికి 64 పైసలు. అందులోనుంచే ఇదీ రావాలి.

ఇచ్చే డబ్బయినా వేళకు రావాలి. మా కాలేజీలో చదివి ఇప్పుడొక ప్రయోగశాలలో పనిచేస్తున్న కుర్రాడు దసరా సెలవుల్లో వచ్చి చెప్పాడు. ‘మాస్టారూ, రెండో వాయిదా రావలసిన తేదీ దాటి ఎనిమిది నెలలయింది. నాలుగు నెలలుగా మా ఇద్దరి జీతం సగమే. ఎలుకలు మాత్రం తిండి మానవు కదా!’ అతనికి సొమ్ము మంజూరు చేసినవారు చెడ్డవారు కారు. ఎక్కడో ఒక కాయితం మీద ఒక సంతకం పడలేదు, అంతే. ఆ కుర్రాడి నాన్నగారు మాత్రం, బ్యాంకు పరీక్షలకు వయసు మించిపోకముందే ఏదో ఒకటి తేల్చుకోమని అంటున్నారట. పోయిన వారం ఉత్తరం రాశాడు. వాయిదా వచ్చిందిట, ఎలుకలు క్షేమంట, పరీక్ష ఫారం కూడా కొని పెట్టుకున్నాడుట.