గుండెకూ కావాలి విశ్రాంతి

"ఇంటెడు చాకిరీ చాలదా, పొద్దున్నే ఈ నడకొకటా? గుండె అరిగిపోదూ!" అన్నారు అత్తయ్య.

నాకూ బెరుకు లేకపోలేదు. మా అమ్మ పోయింది గుండెజబ్బుతోనే. అందుకే డాక్టరుగారిని అడిగి మరీ మొదలుపెట్టాను. మొదట పది నిమిషాలు, మెల్లగా అరగంట. అప్పట్లో పొద్దున లేవగానే నాడి చూసుకుంటే నిమిషానికి 82. ఆరు నెలలకు 72! తగ్గిందేమిటని కంగారుపడ్డాను.

డాక్టరుగారు నవ్వేశారు. "వ్యాయామంతో గుండె బలపడి, కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపుతుంది. అందుకే తక్కువసార్లు కొట్టుకున్నా సరిపోతుంది. మారథాన్ పరుగులు తీసేవాళ్ళలో కొందరికి విశ్రాంతిలో 40, 50 మధ్యే ఉంటుంది" అన్నారు.

ఇంటికొచ్చి లెక్కేశాను. నిమిషానికి పది తగ్గితే రోజుకు 14,400! నడిచేటప్పుడు ఎక్కువ కొట్టుకునే వెయ్యీ రెండువేలూ తీసేసినా గుండెకు లాభమే. అరిగిపోవడం కాదు, అలసట తగ్గడమన్నమాట.

అయితే నడుస్తుంటే ఛాతీ పట్టేసినా, కళ్ళు తిరిగినా, ఎన్నడూ లేని ఆయాసం వచ్చినా వెంటనే ఆగి డాక్టరుకు చూపించుకోవాలి. అమ్మ "గ్యాసేలే" అని ఊరుకుంది. మనం ఊరుకోవద్దు.