పెరటి తోటకు విత్తనాలు: ఎవరి దగ్గర, ఏ పూచీతో?

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు
• సూటి రకానికీ సంకర రకానికీ ఉన్న తేడాను వివరించగలరు;
• విత్తన ప్యాకెట్ మీది చీటీని చదివి, అది కొనదగినదో కాదో నిర్ణయించగలరు;
• విత్తనాలు దొరికే చోట్లను గుర్తించి, ఒక్కోదాని బలాన్నీ పరిమితినీ పోల్చగలరు;
• ఇంట్లోనే మొలక పరీక్ష చేయగలరు.

1. పరిచయం

పదవీ విరమణ తరవాత ఖిలా వరంగల్‌లోని మా పెరట్లో కూరగాయలు వేయాలనుకున్నాను. ఏళ్ల తరబడి వృక్షశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ని కాబట్టి, విత్తనాలు కొనడం ఏపాటి పని అనుకున్నాను. మృగశిర కార్తె ప్రవేశించిన వారంలో ఒక దుకాణంలో బెండ గింజలు విడిగా తూచి ఇస్తుంటే కొన్నాను. ప్యాకెట్ లేదు, రసీదు నేను అడగలేదు. అరవై గింజలు పెడితే ఏడే మొలిచాయి. వెళ్లి అడిగితే "నీళ్లు ఎక్కువ పెట్టి ఉంటారు సార్" అన్నారు. తప్పు నా నీళ్లదో, వాళ్ల గింజలదో తేల్చే ఆధారం నా చేతిలో ఏదీ లేదు. పోయిన డబ్బు కొద్దిదే. కానీ మళ్లీ విత్తనాలు తెచ్చి పెట్టేసరికి అదను దాటిపోయింది. పొలం మీదే బతికే కుటుంబానికి ఇదే జరిగితే ఆ ఏడాది బతుకే తలకిందులవుతుంది.

బెండకాయను కొన విరిచి చూసి కొంటాం. బెండ గింజను అలా చూసి కొనలేం. దానిలో ప్రాణం ఉందా, అది చెప్పిన రకమేనా అన్నది పైకి కనిపించదు. కాబట్టి కొనేవారు చూడలేని ఈ గుణాలకు ఏదో ఒక పూచీ ఉండాలి. ఆ పూచీ మూడు విధాలుగా దొరుకుతుంది: ప్యాకెట్ మీది చీటీ నుంచి, ఆ విత్తనాన్ని పండించిన మనిషి నుంచి, మనం స్వయంగా చేసే పరీక్ష నుంచి. విత్తనాలు ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్నను ఈ మూడింటితో కలిపి చూద్దాం.

2. ముందు రకం, తరవాత దుకాణం

దుకాణానికి వెళ్లే ముందు ఒక విషయం తేల్చుకోండి. మీరు వచ్చే ఏడాదికి విత్తనం దాచుకుంటారా, ఏటా కొంటారా?

దాచుకోదలచితే సూటి రకాలు కావాలి. టమాటలో పూసా రూబీ, బెండలో అర్క అనామిక, వంగలో భాగ్యమతి ఇటువంటివి. వేరే రకంతో కలవకుండా చూస్తే వీటి గింజ తల్లి మొక్కను పోలిన మొక్కనే ఇస్తుంది. సంకర రకం, అంటే ఎఫ్-1 హైబ్రిడ్, రెండు వేర్వేరు జనకాలను కలిపి తయారు చేసినది. టమాటలో అర్క రక్షక్ దీనికి ఉదాహరణ. దిగుబడి, రోగ నిరోధకత కోసం దీన్ని కొంటారు. అయితే దాని కాయల గింజలు దాచి నాటితే, మెండెల్ సూత్రాల ప్రకారం రెండో తరంలో లక్షణాలు విడిపోతాయి. ఒక మొక్కకు పెద్ద కాయలు, మరో మొక్కకు చిన్నవి వస్తాయి. అది అమ్మినవారి మోసం కాదు, సంకర విత్తనపు స్వభావమే అంత.

రెండో విషయం పరిమాణం. గ్రాము టమాట విత్తనంలో సుమారు 300 గింజలుంటాయి. రైతుల కోసం కట్టిన 10 గ్రాముల ప్యాకెట్‌లో దాదాపు 3,000 గింజలు. పెరటికి పది మొక్కలు చాలు. కాబట్టి చిన్న ప్యాకెట్లు వెతకండి. దొరక్కపోతే నాలుగు ఇళ్లవాళ్లు కలిసి ఒకటి కొనండి. లేదా నర్సరీలో నారు తీసుకోండి. కొత్తిమీర, మెంతికూరలకైతే కిరాణా దుకాణంలోని ధనియాలు, మెంతులు కూడా పనికొస్తాయి. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి.

3. దుకాణం: చీటీ, రసీదు

మన దేశంలో విత్తనాల అమ్మకాన్ని విత్తన చట్టం 1966, విత్తన నియంత్రణ ఉత్తర్వు 1983 నియంత్రిస్తాయి. ఉత్తర్వు ప్రకారం అమ్మే వ్యక్తికి లైసెన్సు ఉండాలి. నిల్వలను, ధరలను కనిపించేలా ప్రదర్శించాలి. కొన్నవారికి రసీదు ఇవ్వాలి.

ప్యాకెట్ చేతికి రాగానే చీటీ చూడండి. ధ్రువీకరించిన విత్తనానికి నీలం చీటీ ఉంటుంది. ఉత్పత్తిదారు తన సొంత పూచీ మీద అమ్మే ట్రూత్‌ఫుల్ లేబుల్ విత్తనానికి లేత ఆకుపచ్చ చీటీ ఉంటుంది. కూరగాయల ప్యాకెట్లలో ఈ రెండో తరహావే ఎక్కువ. రంగు ఏదైనా రకం పేరు, లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ చదవండి. కనీస మొలక శాతం టమాటకు, వంగకు 70, బెండకు 65, మిరపకు, బీర, కాకర వంటి తీగజాతులకు 60. గింజలకు గులాబీ, ఎరుపు వంటి రంగు పూత ఉంటే మందు పట్టించారని అర్థం. వాటిని పిల్లలకు అందకుండా ఉంచాలి, మిగిలినా వంటకు వాడకూడదు.

ఇంత చిన్న కొనుగోలుకు రసీదు ఎందుకని మొహమాటపడకండి. విత్తన చట్టంలో నష్టపోయినవారికి పరిహారం ఇప్పించే ఏర్పాటు లేదు. ఆ లోటును వినియోగదారుల చట్టం తీరుస్తుంది. ఆంధ్రప్రదేశ్ రైతులకు అనుకూలంగా వచ్చిన తీర్పులపై జాతీయ విత్తన సంస్థ చేసుకున్న అప్పీళ్లను 2012లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని స్పష్టం చేసింది. అంటే మీరు కూడా జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు, జాతీయ సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు. రసీదు, ఖాళీ ప్యాకెట్, మిగిలిన కొన్ని గింజలు, ఈ మూడింటినీ పంట చేతికి వచ్చేదాకా దాచండి. ఆ రోజు నా దగ్గర లేనివి ఇవే.

4. ప్రభుత్వ సంస్థలు

1963లో ఏర్పడిన జాతీయ విత్తన సంస్థ కేంద్ర ప్రభుత్వానిది. కూరగాయల విత్తనాలు కూడా అమ్ముతుంది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ 'అర్క' పేరుతో రకాలు విడుదల చేసింది. దాని ఆన్‌లైన్ విత్తన పోర్టల్ ద్వారా ఇంటినుంచే తెప్పించుకోవచ్చు. వరంగల్‌లో ములుగు రోడ్డు మీద ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది. అక్కడి కృషి ప్రధానంగా వరి, పత్తి, పప్పుధాన్యాల వంటి పంటల మీద. కూరగాయలకు సంబంధించినది శ్రీ కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం. అది ములుగులో ఉందనగానే మన పొరుగు జిల్లా ములుగుకు బయలుదేరకండి. అది సిద్దిపేట జిల్లాలోని ములుగు.

ఈ సంస్థల బలం రకం పేరు మీద నమ్మకం, సూటి రకాలు దొరకడం. పరిమితి ఏమిటంటే కావలసిన రకం అన్ని వేళలా నిల్వ ఉండదు. కాబట్టి మేలోనే విచారించి, మృగశిరకు సిద్ధంగా ఉండాలి.

5. ఇరుగుపొరుగు

మా ఖిలాలో రాతికోటకూ మట్టికోటకూ మధ్య ఇప్పటికీ సాగు జరుగుతోంది. నా బెండ మొలవని ఏడాది పక్కింటి పెద్దమ్మ తన ఇంటి దూలానికి వేలాడదీసిన ఎండు బీరకాయ తెచ్చి ఇచ్చింది. "గీ గింజలు పెట్టుండ్రి సారూ, మా అత్త కాలం నుంచి ఉన్నయి" అన్నది. ఆ గింజలకు చీటీ లేదు. కానీ ఆ పాదు కాసిన కాయలు ఆమె ఏటా వండుకున్నవే. రకం గురించి అంతకంటే మంచి సాక్ష్యం ఏ దుకాణంలోనూ దొరకదు.

కొన్ని రకాలు ఇలాంటి చేతుల్లోనే నిలిచాయి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాట మిర్చి విత్తనాన్ని రైతులే మంచి కాయలు ఏరి దాచుకుంటూ వచ్చారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాలు, పప్పుల విత్తనాలను ఊరి విత్తన బ్యాంకుల్లో కాపాడాయి. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ బహుమతి లభించింది. చట్టం కూడా ఈ పద్ధతిని గుర్తించింది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తన విత్తనాన్ని దాచుకోవచ్చు, నాటుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో మాత్రం అమ్మకూడదు.

ఈ వనరుకూ పరిమితి ఉంది. టమాట, చిక్కుడు చాలావరకు స్వపరాగ సంపర్కంతో కాస్తాయి కనుక దాచడం సులభం. మిరప, వంగ, బెండల్లో తేనెటీగల వల్ల పక్క రకం కలిసే అవకాశం ఉంటుంది. బీర, సొర, కాకర పూర్తిగా కీటకాల మీదే ఆధారపడతాయి. అందువల్ల వీటిలో ఒక్కోదానికి ఒకే రకం వేయండి. లేదా ఆడపువ్వు విచ్చకముందే గుడ్డసంచి కట్టి, అదే రకం మగపువ్వు పుప్పొడిని చేత్తో అద్ది, మళ్లీ కట్టండి. మొదట కాసిన, తెగులులేని కాయను విత్తనానికి వదలండి. చివరికి మిగిలిన గిడస కాయను కాదు.

6. మొలక పరీక్ష

ఎవరు ఇచ్చిన విత్తనమైనా చివరి పూచీ మీదే. 20 గింజలను తడి గుడ్డలో వరుసగా పేర్చి, చుట్టి, నీడలో ఉంచండి. గుడ్డ ఆరకూడదు, నీళ్లు కారకూడదు. టమాట, వంగ, మిరపలకు 14 రోజుల వరకు, బెండకు 21 రోజుల వరకు చూడవచ్చు. 14 మొలిస్తే 70 శాతం. సగమే మొలిస్తే రెట్టింపు గింజలు వేయండి. నాలుగైదు మాత్రమే మొలిస్తే ఆ విత్తనం వదిలేయండి. అదనుకు మూడు వారాల ముందే ఈ పరీక్ష చేస్తే మరో చోట కొనే వ్యవధి ఉంటుంది.

మిగిలిన గింజలను బాగా ఆరబెట్టి, బిగుతు మూత ఉన్న సీసాలో చల్లని చోట ఉంచండి. గింజలో తేమ ఒక శాతం తగ్గినా, నిల్వచోటి వేడి 5 డిగ్రీలు తగ్గినా ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో ఒక స్థూల సూత్రం. సీసా మీద రకం పేరు, ఎవరిచ్చారు, ఏ నెల అన్నది రాసి అంటించండి. మీ ఇంటి విత్తనానికి అదే చీటీ.

సారాంశం

విత్తనం గుణం పైకి కనిపించదు కాబట్టి పూచీ చూసి తీసుకోవాలి. దుకాణంలో చీటీ, రసీదు. ప్రభుత్వ సంస్థలో రకం పేరు. పొరుగువారి దగ్గర వాళ్ల అనుభవం ఆ పూచీనిస్తాయి. మొలక పరీక్ష ఈ మూడింటికీ అవసరమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. హైబ్రిడ్ టమాట గింజలను దాచి నాటితే మొక్కలు ఒకేలా ఎందుకు ఉండవు?
2. 25 బెండ గింజల్లో 15 మొలిచాయి. మొలక శాతం ఎంత? కనీస ప్రమాణానికి సరిపోతుందా?
3. విత్తనం మొలవలేదని ఫిర్యాదు చేయడానికి మీ దగ్గర ఏమేమి ఉండాలి?

కృత్యం

మీ వాడలో ఇంటి విత్తనం దాచుకునే పెద్దవారిని ఒకరిని కలవండి. ఏ గింజ, ఎన్నేళ్లుగా, ఎలా దాస్తున్నారో రాసుకోండి. వారు ఇష్టపడితే కొన్ని గింజలు అడిగి తెచ్చి, పరీక్షించి, నాటండి. పంట వచ్చాక అంతకు రెట్టింపు వారికి తిరిగి ఇవ్వండి.