బొమ్మ ఉందని బట్టను కాల్చకండి

అపోహ: పాత జరీ బట్టలు దాచుకుని లాభం లేదు, కాల్చి వెండి తీసుకోవడమే మేలు. నవాబుల కాలం దుస్తులు మళ్లీ కుట్టాలంటే బొమ్మలూ ఫొటోలూ ఉన్నాయిగా!

వాస్తవం: ఈ మాట నమ్మి హైదరాబాద్ నయాపూల్ చుట్టుపక్కల పాత ఇళ్లలో తాతల షేర్వానీలు, నానమ్మల పెళ్లి దుపట్టాలు తూకానికి వేసేస్తున్నారు. చేతికొచ్చేది కాస్త వెండి, పోయేది మళ్లీ దొరకదు. ప్రతి జరీలో వెండి ఉండదు కూడా. రాగి జరీనో ప్లాస్టిక్ జరీనో కాల్చుకుంటే రెంటికీ చెడినట్టే.

బొమ్మ చూపేది పైపై రూపం. 17వ శతాబ్దపు గోల్కొండ చిత్రాల్లో సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా పల్చటి తెల్ల జామా (పొడవాటి అంగీ), నడుముకు జరీ పట్కాతో కనిపిస్తాడు. వీపు మీద కుట్టు ఎక్కడ పడింది, ఘేరుకు (అడుగు వెడల్పుకు) ఎన్ని కలీలు (ఏటవాలు ముక్కలు) వేశారు, చంక కింద ముక్క ఎలా అతికారు అన్నది ఆ బొమ్మల్లో దొరకదు. ఆ వివరాలు చెప్పగలిగేది బట్టే. పాత షేర్వానీ ఒకటి తిరగేసి చూడండి. చేతికుట్టు ఎంత దగ్గరగా పడిందో, కాలరు నిలబడేందుకు లోపల ఏ గుడ్డ పెట్టారో, తొడుక్కున్నాయన ఒళ్లు చేశాక నడుము దగ్గర ఎంత వదిలారో అన్నీ కనిపిస్తాయి.

ఇంగ్లండులో మొదటి ఎలిజబెత్ రాణి చిత్రాలు బోలెడున్నాయి, ఆమె పూర్తి గౌను ఒక్కటీ మిగల్లేదు. బేక్టన్ అనే పల్లె చర్చిలో బల్ల మీద పరిచిన గుడ్డ ఆమె దుస్తుల్లోదే కావచ్చని నిపుణులు గుర్తించాక, దాన్ని 2019లో హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో ప్రదర్శనకు పెట్టారు. ఒక్క ముక్కకే అంత విలువ. మనం నిండు దుస్తుల్నే నిప్పులో వేస్తున్నాం.

అపోహ: జరీ నల్లబడితే నకిలీ.
వాస్తవం: గాలిలోని గంధకం తగిలితే అసలు వెండీ నల్లబడుతుంది.

అపోహ: గోల్కొండ సుల్తాన్ మహమ్మద్ కులీ కుతుబ్ షా షేర్వానీ తొడిగేవాడు.
వాస్తవం: ఆయన పోయింది 1612లో, షేర్వానీ వచ్చింది 19వ శతాబ్దంలో. నాటకాల వాళ్లు ఇకనైనా వేషం మార్చాలి.

అపోహ: చిత్రకారులు ఉన్నదానికి మించి గీశారు.
వాస్తవం: ఇందులో కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. నగలు పెంచారు, ముఖానికి కళ పెంచారు. 1687లో గోల్కొండ పడిపోయాక కూడా పాత బొమ్మలు చూసి సుల్తానుల బొమ్మలు గీశారు. అయినా అన్నిటినీ కొట్టిపారేయకూడదు. ఒకే కోత వేర్వేరు చిత్రాల్లో కనబడితే నమ్మవచ్చు, ఒక్కదాంట్లోనే ఉంటే ఆగాలి.

పాత తీరులో కుట్టించుకోవాలంటే ఇంట్లో ఉన్నదాన్ని విప్పదీయకండి. పరిచి, టేపుతో కొలిచి, కాగితం మీద గీసుకోండి. జామాకు పాలిస్టర్ వద్దు, మల్‌మల్ తీసుకోండి. జరీ మీద నేరుగా ఇస్త్రీ పెట్టకండి, అత్తరు చల్లకండి. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, అప్పుడప్పుడూ మడతలు మార్చండి. అమ్మక తప్పకపోతే ముందు లోపలా బయటా ఫొటోలు తీసి, కొలతలు రాసుకుని, బట్టను బట్టగా కొనేవారికే ఇవ్వండి.