లక్కబొమ్మ వెనుక అంకుడు చెట్టు

ఏదేని ఒక చేతిపని ఒక గ్రామమున తరతరములుగా సాగుచున్నదనిన, దానికి మూడు ఆధారములుండును. పని నేర్చిన చేయి ఒకటి, సరకును కొను చేయి ఒకటి, చుట్టుపట్ల దొరకు ముడిసరకు మరియొకటి. మొదటి రెండింటిని గూర్చి అందరును ఆలోచింతురు. మూడవదానిని గూర్చి, అది అయిపోవచ్చిన పిమ్మటగాని ఎవ్వరికిని తోచదు.

పరిశ్రమలు పదికాలములపాటు నిలుచుటకు సాంకేతిక పరిజ్ఞానమును, నాయకత్వమును ఎట్లు తోడ్పడునను చర్చ నేడు ఎల్లెడల జరుగుచున్నది. అది పొగగొట్టముల కర్మాగారములకును, పట్టణములలోని కంపెనీలకును సంబంధించిన విషయమని పంచాయతీ సభ్యులు పలువురు తలంచుట సహజమే. కాని ఆ రెండింటి బలమును, వాటి హద్దును కూడ కన్నులార చూచుటకు ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక గ్రామము కలదు. అది ఏటికొప్పాక.

అనకాపల్లి జిల్లా ఎలమంచిలి మండలమున, వరాహనది ఒడ్డున ఈ గ్రామమున్నది. 2022వ సంవత్సరమున కొత్త జిల్లా ఏర్పడువరకు ఇది విశాఖపట్టణము జిల్లాలోనిది. సహకారోద్యమ చరిత్ర తెలిసినవారికి ఈ పేరు వినగానే 1933లో ఇచ్చట వెలసిన సహకార చక్కెర కర్మాగారము జ్ఞప్తికి వచ్చును. తక్కినవారికి మాత్రము ఏటికొప్పాక అనగా లక్కబొమ్మలే. పెండ్లివారింటి కుంకుమభరిణెలు, పసిపిల్లల గిలకలు, బొంగరములు, ఆడపిల్లలు వంటలాడుకొను లక్కపిడతలు ఇచ్చటి వీధులలో తయారై దూరదేశములకు సైతము పోవుచున్నవి.

బొమ్మ తయారగు విధానము చూడ ముచ్చటగానుండును. ఎండిన అంకుడు కర్రను ముక్కలుగా కోసి తరిమెనకు బిగింతురు. దీనినే నేడు లేత్ అనుచున్నారు. కర్ర గిర్రున తిరుగుచుండగా పనివాడు ఉలి ఆనించి ఆకారము తీయును. పిమ్మట రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుచున్న కర్రకు అదిమి పట్టును. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరగి కర్రకు అంటుకొనును. అప్పుడు కుంచెతోను పనిలేదు, మంటతోను పనిలేదు. చివరకు మొగలి ఆకుతో రుద్దగా బొమ్మ నిగనిగలాడును. లక్క అనునది చెట్టు బంక యని కొందరు పొరబడుదురు. అది మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై బ్రదుకు చిన్న పురుగులు స్రవించు పదార్థము.

కొంతకాలమునకు ఈ పనిలోనికి బజారు రంగులు ప్రవేశించినవి. అవి చౌక. తళతళలాడును. ఏ రంగు కావలెనన్న ఆ రంగు ఒక్క పొట్లముతో సిద్ధము. అందుచే పనివారు వాటిని వాడిరనిన వారిని తప్పుపట్టుట న్యాయము కాదు. దోషము పిదప బయటపడినది. ఇట్టి రంగులలో కొన్నింట, ముఖ్యముగా కొన్ని పచ్చ, ఎరుపు రంగులలో, సీసము ఉండును. బొమ్మ చేతికందిన పసిబిడ్డ మొట్టమొదట చేయు పని దానిని నోట పెట్టుకొనుట. సీసము బాలల మెదడు ఎదుగుదలకు హాని చేయునని వైద్యశాస్త్రము నిస్సంశయముగా చెప్పుచున్నది. బొమ్మలు దిగుమతి చేసికొను విదేశములలో ఈ విషయమై కఠిన నిబంధనలు వచ్చినవి. ఇంతలో అచ్చుపోసిన ప్లాస్టిక్కు బొమ్మలు మన సంతలనే ముంచెత్తినవి. ఒకవైపు దూరపు బేరము అందక, వేరొకవైపు ఊరి బేరము నిలువక, పని క్షీణింపసాగినది.

1990 ప్రాంతమున ఈ గ్రామమునకే చెందిన శ్రీ చింతలపాటి వెంకటపతిరాజు (సి.వి. రాజుగారని ప్రసిద్ధులు) చెట్టుచేమల నుండి వచ్చు రంగులను మరల ఈ పనిలోనికి తెచ్చుటకు పూనుకొనిరి. పూర్వులు వాడిన రంగులే గదా, తిరిగి వాడినచో సరిపోవును, ఇందులో కష్టమేమున్నదని మనకు తోచవచ్చును. కష్టమంతయు అచ్చటనే యున్నది. కలంకారీ పనివారు కరక్కాయతోను, పటికతోను గుడ్డకు రంగు పట్టింతురు. అదియంతయు నీటితో జరుగు పని. లక్క నీటిలో కరగదు. ఆకును, బెరడును మరగించి తీసిన కషాయమును లక్కలో పోసినచో రెండును కలియవు. కావున రంగును నీటినుండి వేరుచేసి, మెత్తని పొడిగనో ముద్దగనో మార్చి, వేడి లక్కతో కలిపి పిసుకవలెను. ఆ వేడికి రంగు మాడరాదు. నేడు వచ్చిన ఛాయయే వచ్చే నెలలోను రావలెను. లేకున్నచో నూరు బొమ్మలు కోరిన వర్తకుడు ఏబది త్రిప్పి పంపును. ఇక ఎండ సంగతి సరేసరి. పసుపు గుడ్డను ఎండలో ఆరవేసిన గృహిణికి ఆ రంగు ఎంత త్వరగా వెలయునో మేము చెప్పనక్కరలేదు.

ఈ చిక్కులను ఒక్కటొక్కటిగా విప్పుకొనుచు రాగా, పసుపు నుండి పచ్చని రంగు, జాఫ్రా గింజల నుండి నారింజ రంగు, మంజిష్ఠ నుండి ఎరుపు, నీలి నుండి నీలము వచ్చినవి. నీలమును, పసుపును కలుపగా ఆకుపచ్చ వచ్చినది. ఈ రంగులు బజారు రంగులవలె కన్నులను గుచ్చవు. వీటిలో ఒక విధమైన నెమ్మది యున్నది. దానిని మెచ్చి కొనువారు దొరకినారు.

ఇందు సాంకేతిక పరిజ్ఞాన మెంత, నాయకత్వ మెంత? రెండింటిని వేరుచేసి చూచినచో పంచాయతీ సభ్యులకు ఉపయోగించు విషయమొకటి తెలియును. దినకూలిపై బ్రదుకు పనివాడు ప్రయోగములు చేయజాలడు. ఒక దినపు లక్క మాడిపోయినచో ఆ పూట ఇంట పొయ్యి వెలుగుట కష్టము. కనుక తప్పిపోయిన ప్రయోగముల నష్టమును ఎవరో ఒకరు తమపై వేసికొనవలెను; కొత్త నమూనాలకు దూరమున బేరము వెదకవలెను; తెలిసికొన్నదానిని దాచుకొనక పదిమందికి నేర్పవలెను. ఏటికొప్పాకలో జరిగినది ఇదియే. వేదికయెక్కి ఉపన్యసించుటకంటె ఇది చాల కష్టమైన నాయకత్వమని మా అభిప్రాయము.

ఫలితములు అందరును ఎరిగినవే. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి ఆకాశవాణి ప్రసంగమున వీటిని ప్రస్తావించిరి. 2023లో శ్రీ రాజుగారికి పద్మశ్రీ ప్రకటింపబడినది. 2025 జనవరి 26న ఢిల్లీ గణతంత్ర దినోత్సవపు ఊరేగింపులో ఆంధ్రప్రదేశ్ శకటము ఏటికొప్పాక బొమ్మలతోనే నడచినది. వీటికంటె తక్కువగా వినబడినది, మా దృష్టిలో ఎక్కువ ముఖ్యమైనది, వేరొకటి కలదు. 2021 జనవరి 1 నుండి మన దేశమున అమ్ము బొమ్మలకు ప్రమాణముల ముద్ర తప్పనిసరి యైనది. నమోదైన హస్తకళాకారులకును, భౌగోళిక గుర్తింపు గల బొమ్మలకును ఈ నిబంధన నుండి మినహాయింపు ఇచ్చిరి. ముద్ర నుండి మినహాయింపు కలదుగాని, బిడ్డకు బొమ్మ కొను తల్లి అనుమానము నుండి మినహాయింపు ఎవ్వరికిని లేదు. రంగు మార్చుకొన్న గ్రామము ఆ తల్లికి ధైర్యముగ సమాధానము చెప్పగలదు.

ఇంతవరకు విన్నవారు కథ సుఖాంతమని తలంతురు. ఇక రెండవ భాగము.

పూర్వము తరిమెన పనికి ఇద్దరు కావలసియుండెడిది. ఒకరు త్రాడు లాగి కర్రను త్రిప్పుచుండగా మరియొకరు ఉలి పట్టెడివారు. విద్యుత్తు మోటారు వచ్చిన పిమ్మట త్రాడు లాగు శ్రమ తప్పినది, వేగము హెచ్చినది. ఇది మేలే. ఐనను వేగము హెచ్చినకొలది కర్ర ఖర్చును హెచ్చును. రంగు మంచిదగుటచే బేరము పెరిగినది, మోటారు వలన పని పెరిగినది. చెట్టు మాత్రము తన పూర్వపు వేగముననే పెరుగుచున్నది. అంకుడు కర్ర కొరత నేడు ఈ పనివారికి పెద్ద చింతయైనది. పని అడవిపై ఆధారపడియున్నది, అడవి వారిది కాదు. కర్ర నరుకుటకును, తెచ్చుటకును అటవీశాఖ నిబంధనలుండుట న్యాయమే. నిబంధనలు చెట్టును కాపాడునుగాని, పనివానికి కర్రను సృష్టింపజాలవు.

అంకుడునకు పాలకొడిశ యనియు పేరు కలదు. ఆకు త్రుంచిన పాలు కారును. కర్ర తెల్లగా, సన్నని పోగుతో, మెత్తగా ఉండి ఉలికి వెన్నవలె లొంగును. కర్ణాటకలోని చన్నపట్టణము బొమ్మలకు కూడ ఈ చెట్టే ఆధారము. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు రైటియా టింక్టోరియా. అందలి రెండవ మాటకు రంగుల పనికి వచ్చునదని అర్థము. దీని ఆకుల నుండి ఒక విధమైన నీలిరంగు తీయుటయు కలదు. ఏటికొప్పాకవారు కర్ర కొరకు వెదకు చెట్టు పేరులోనే రంగు దాగియున్నది! పంచాయతీలకు ఉపకరించు గుణమేమనగా, దీనిని నరికినను మొదలు చావదు, మరల చిగిర్చి కొమ్మలు వేయును. సన్నపాటి బొమ్మలకు లావుపాటి మ్రాను అక్కరలేదు. కావున వరుస తప్పక కొమ్మలను కోసికొనుచు పోయినచో ఒకే తోట చాలకాలము కర్ర నీయగలదు.

ఇచ్చట నాయకత్వము ఒక వ్యక్తి చేతి నుండి పంచాయతీ చేతికి రావలసియున్నది. రంగు కనుగొనుటకు ఒక్కని పట్టుదల చాలును. తోట పెంచుటకు భూమి, నీరు, కాపలా, పదేండ్ల ఓర్పు కావలెను. అవి ఒక్కని వలన అగునవి కావు. చెరువుగట్టు, పోరంబోకు, పాఠశాల ఆవరణ, బాటల అంచులు పంచాయతీ కన్నులెదుటనే యున్నవి. నాటిన మొక్కల లెక్క చెప్పుటలో మన పంచాయతీలు వెనుకబడినవి కావు. రెండు వేసవులు గడచిన పిమ్మట బ్రదికినవాటి లెక్క అడిగినప్పుడే తడబాటు కలుగుచున్నది. అంతకంటె ముఖ్యమైనది తీర్మానము. ఆ చెట్ల కొమ్మలు ఎవరికి చెందునో, ఏ ధరకో, ఎన్నేండ్లకొకసారి కోయవలెనో నాటు దినముననే వ్రాసి సంతకములు చేయవలెను. అట్లు చేయనిచో చెట్టు ఏపుగా ఎదిగిన నాడు అది పొయ్యిలోనికైనను పోవును, వేలములోనికైనను పోవును, పనివానికి చేరదు.

ఏటికొప్పాకవంటి పేరు లేని గ్రామములలో సైతము ఇట్టి లెక్క చూడవలసిన పనులు కలవు. మేదరులకు వెదురు ఎచ్చటి నుండి వచ్చుచున్నది? తుంగచాపలు అల్లువారికి తుంగ పెరుగు పల్లము ఇంకను మిగిలియున్నదా? కుమ్మరి మట్టి తీయు చెరువును ఇటుకబట్టీల వారు ఎంతవరకు త్రవ్వుకొనిపోయిరి? 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి పంచాయతీలలో ఏర్పడిన కమిటీలు గ్రామపు చెట్టుచేమల పట్టిక వ్రాయవలసియున్నది. పలుచోట్ల ఆ పుస్తకము బీరువాలో భద్రముగనున్నది. దానిని వెలికితీసి, ఈ చేతిపనుల వారిని పిలిచి కూర్చుండబెట్టి, ఏటేట ఎన్ని బండ్ల సరకు కావలెనో, ఎంత దూరము పోయి తెచ్చుచున్నారో వారి నోటనే విని వ్రాసినచో ఒక పూట పని.

అంకుడు పెంపదలచిన గ్రామములకు ఒక్క సూచన. దీని కాయలు జంటలు జంటలుగా వ్రేలాడును. పండి పగిలిన వెంటనే పట్టు కుచ్చులు గల గింజలు గాలికి ఎగిరిపోవును. కనుక పగులకముందే కాయలను కోసి, గుడ్డ కప్పి ఆరబెట్టి గింజలు తీయవలెను. సంచులలో పెంచిన మొక్కలను తొలకరి వానలు పడగానే గోతులలోనికి మార్చవలెను. గోతులు మాత్రము వేసవిలోనే త్రవ్వించి యుంచవలెను. వాన పడిన దినమున మీ ఊర కూలీలందరును పొలములలోనే యుందురు.