అటకమీది కథలకు చిట్టా

వెబ్‌సైటు కట్టడం అంటే అది కుర్రకారు పని అనీ, అందులోనూ బెంగుళూరో హైదరాబాదో వెళ్ళినవాళ్ళ పని అనీ మనవాళ్ళలో ఒక నమ్మకం ఉన్నది. విజయనగరంలో ఒక సందులో కాపురం ఉంటూ, యాభైఆరో ఏట, వంటా వార్పూ ముగించుకుని మధ్యాహ్నం రెండు గంటలకు కంప్యూటరు ముందు కూర్చునే ఇల్లాలికి దానితో ఏం పని అని మావారే అడిగారు. పని ఉన్నది, చిత్తగించండి.

వెబ్‌సైట్లలో రెండు జాతులున్నాయి. ఒకటి గోడకు అంటించిన కరపత్రం వంటిది. ఎవరు చూసినా అదే కనిపిస్తుంది. రెండోది రైలు రిజర్వేషను వంటిది. మీరు అడిగినదాన్ని లోపలి పట్టికల్లో వెదికి, అప్పటికప్పుడు మీ కోసమే ఒక పుట తయారుచేసి ఇస్తుంది. ఆ పట్టికల సముదాయమే డేటాబేసు. సమాచారాన్ని ఒకదానితో ఒకటి ముడివేసిన పట్టికలుగా అమర్చుకోవచ్చునని 1970లో ఐ.బి.యం. కంపెనీలో పనిచేసే కాడ్ అనే ఆయన ఒక వ్యాసంలో చెప్పాడు. ఆ ముక్కమీదే నేటికీ బ్యాంకులూ రైళ్ళూ నడుస్తున్నాయి.

కథలకు అటువంటి ఏర్పాటు మన శ్రీకాకుళంలోనే ఉన్నది. కాళీపట్నం రామారావుగారు, బడిపంతులుగా బ్రతికి ‘యజ్ఞం’ వంటి కథ వ్రాసిన మనిషి, తనకు వచ్చిన బహుమతుల సొమ్ము వేసి 1997లో అక్కడ కథానిలయం నెలకొల్పారు. అచ్చయిన ప్రతి తెలుగు కథా ఒకచోట దొరకాలని ఆయన పట్టుదల. ఆయన 2021లో వెళ్ళిపోయారు. కథానిలయం మాత్రం ఉన్నది. కథల వివరాలూ, స్కాను చేసిన పుటలూ వెబ్‌సైటులోనూ పెట్టారు.

నా గొడవ అంతకంటె చిన్నది. బొబ్బిలిలో ఉండిన మా మేనత్త 1957కీ 1960కీ మధ్య వారపత్రికలకు మూడు కథలు వ్రాసింది. ఆడపిల్ల పేరు అచ్చులో కనబడితే ఇంకా పెళ్ళికావలసిన చెల్లెళ్ళ సంబంధాలు చెడతాయని, ఒక మగపేరు పెట్టుకుని పంపింది. ఆ సంగతి ఇంట్లో నలుగురికి తప్ప తెలియదు. ఆ నలుగురిలో ఇప్పుడు మిగిలింది నేనే. కథలున్న పత్రికలను తాతగారు బైండు చేయించి అటకమీద పెట్టారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు పెంకులు లేచిపోయి, బైండ్లలో సగం ముద్దయిపోయాయి. ఆరబెట్టి విడదీస్తే రెండు కథలు దొరికాయి. మూడోది లేదు. మిగిలిన పత్రికలకైనా ఒక చిట్టా ఉండాలని, అందులో అత్త పేరు అత్త పేరుగా ఉండాలని నా కోరిక.

మా అక్క కొడుకు ఇంజనీరు. సెలవులకు వచ్చినప్పుడు చెబితే, “ఎవరికో డబ్బులిచ్చి చేయించడమెందుకు పిన్నీ? జాంగో నేర్చుకో. నీకున్న ఓపికకి నెల్లాళ్ళు చాలు” అన్నాడు. నెల్లాళ్ళు కాదు, నాలుగు నెలలు పట్టింది. కుర్రవాళ్ళ లెక్కలు ఎప్పుడూ అంతే.

ఈ జాంగో అనేది పైథాన్ భాషలో వ్రాసిన ఒక చట్రం. ప్రతి వెబ్‌సైటుకూ పునాదినుంచి మళ్ళీ తవ్వనక్కరలేకుండా, స్తంభాలూ దూలాలూ నిలబెట్టి ఉంచిన ఇల్లు వంటిది. పుట్టింది అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో లారెన్స్ అనే ఊళ్ళో, అదీ ఒక పత్రికాఫీసులో. 2003లో అక్కడ పనిచేసే ఏడ్రియన్ హొలొవాటీ, సైమన్ విల్లిసన్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. పత్రికవాళ్ళకు గడువు యముడివంటిది కదా. ఉదయం అడిగినది సాయంత్రానికి తయారు కావాలి. 2005లో దాన్ని లోకానికి ఉచితంగా ఇచ్చేశారు. జాంగో రైన్‌హార్ట్ అనే గిటారు విద్వాంసుడి పేరు పెట్టారు. అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్ళు పనికిరాకుండా పోయినా వాయించిన మహానుభావుడు. చూపు సరిగా ఆనకపోయినా ఫిడేలుతో లోకాన్ని గెలిచిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు పాఠాలు చెప్పిన ఊరివాళ్ళం, మనకా పేరు కొత్తగా తోచదు.

జాంగోలో ఒక్కొక్క పట్టికకు ఒక్కొక్క మోడల్ వ్రాయాలి. మోడల్ అంటే, ఫలానా పట్టికలో ఈ ఈ గళ్ళుంటాయి అని చెప్పే పది పంక్తులు. తరువాత మైగ్రేషను నడిపితే పట్టికలు అదే కట్టుకుంటుంది. మనం చేసిన మార్పులను 0001, 0002 అని అంకెలు వేసి దాచుకుంటుంది, కరణంగారి దస్త్రం లాగా. అంతేకాదు, ఎడ్మిన్ అని ఒక గది ఊరికే కట్టిపెడుతుంది. వివరాలు ఎక్కించడానికి ఫారాలు మనం గీసుకోనక్కరలేదు. బయటివారు చూసే పుటకు మాత్రం మూడంచెలు. చిరునామా చూసి ఎవరి బల్లకు పంపాలో చెప్పే గుమాస్తా ఒకడు, లోపల రికార్డు తీసే వ్యూ ఒకటి, తీసినదాన్ని చక్కగా అమర్చి ఇచ్చే టెంప్లేటు ఒకటి.

కష్టమంతా ఆలోచనలో ఉన్నది. కథ ఒక పట్టిక, రచయిత ఒక పట్టిక అనుకుంటే చాలదు. గురజాడవారి ‘దిద్దుబాటు’ 1910లో ఆంధ్రభారతిలో వచ్చింది, ఆ తరువాత ఎన్ని సంకలనాలకెక్కిందో. కథ ఒకటే, అచ్చులు అనేకం. కనుక అచ్చుకు వేరే పట్టిక కావాలి. పత్రిక, తేదీ, పుట అందులో ఉంటాయి. ఇక పేర్లు. చాసో అన్నా చాగంటి సోమయాజులు అన్నా ఒకరే. రావిశాస్త్రి అన్నా రాచకొండ విశ్వనాథశాస్త్రి అన్నా ఒకరే. అందుకని మనిషికి ఒక పట్టిక, పేరుకు ఒక పట్టిక పెట్టి, పేరునుంచి మనిషికి ముడివేశాను. అచ్చులో ఏ పేరుందో అది అలాగే ఉంటుంది. ఆ పేరు వెనక ఎవరున్నారో పక్క పట్టిక చెబుతుంది. అత్త పెట్టుకున్న మగపేరును చెరపకుండానే అత్తను చూపించవచ్చునన్నమాట. దీనికి నాకు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ ఇంట్లో చారు తప్ప వేరే వంట లేదని మావారి ఆరోపణ.

ముడివేసేటప్పుడు జాంగో ఒక ప్రశ్న అడుగుతుంది. అడగడం కాదు, జవాబు వ్రాయందే కదలదు. రేపు ఎవరైనా ఈ మనిషి వరుసను కొట్టివేస్తే, ఆమెకు ముడిపడి ఉన్నవి ఏం కావాలి? కాస్కేడ్ అంటే అవీ వెంట పోతాయి. ప్రొటెక్ట్ అంటే, వాటిని వదిలి మనిషిని కొట్టివేయనివ్వదు.

“మామూలుగా అందరూ కాస్కేడ్ వ్రాసేస్తారు పిన్నీ” అన్నాడు మావాడు ఫోనులో.

“మనుషులు పోతే కథలూ పోవడం ఇన్నాళ్ళూ జరిగినదేరా. ఇక్కడ వద్దు” అన్నాను. ప్రొటెక్ట్ అనే వ్రాశాను.

తెలుగు అక్షరాలతో వేరే తంటా ఉన్నది. యంత్రానికి వెంకట వేరు, వేంకట వేరు. రామారావు ఒక మాటగా ఉంటే ఒకరు, విడదీస్తే ఇంకొకరు. పాత పత్రికల్లో అరసున్నలు సరేసరి. అందుకని ప్రతి పేరుకూ పక్కన సాదా వ్రాతతో మరొక గడి పెట్టి, వెదికేది అందులో వెదికేటట్టు చేశాను.

ఇప్పటికి నూటపన్నెండు సంచికలు ఎక్కించాను. అత్త పేరు కొడితే రెండు కథలు వస్తాయి, పత్రికా తేదీలతో సహా. మూడోదానికి శీర్షిక మాత్రం నాకు గుర్తుంది. తేదీ లేకుండా వరుసను ఒప్పుకోవాలంటే ఆ గడి ఖాళీగా ఉండవచ్చునని మోడల్‌లోనే చెప్పాలి. చెప్పాను. వచ్చే ఆదివారం మావారిని వెంటబెట్టుకుని ఆమదాలవలసలో రైలు దిగి శ్రీకాకుళం వెళ్ళి, కథానిలయంలో ఆ మూడేళ్ళ సంచికలు అడుగుదామనుకుంటున్నాను.